వైకుంఠధామంలో సమాధి రాయి పెట్టించే ముందు

గొల్లపల్లి మండలంలోని కుటుంబాలకు:

2019లో మొదలైన పల్లె ప్రగతితో ఊరూరా వైకుంఠధామాలు వచ్చినయి. ఉపాధి హామీ నిధులతో కట్టిన ఆ జాగ ఊరందరిది. మీ వాళ్లను బొందపెట్టిన చోటు మీకు పట్టా కాదు. రాయి పాతాలన్నా, గద్దె కట్టాలన్నా ముందుగా పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. (మరణ నమోదు వేరే పని, దాన్ని 21 రోజుల్లో చేయించుకోవాలి.)

దినాల లోపే రాయి నిలబెట్టాలని చాలామంది తొందరపడతారు. వద్దు. తవ్వి పూడ్చిన మన్ను వానలకు కుంగుతుంది, రాయి ఒరుగుతుంది. ఒక వానకాలం పోనియ్యండి, అప్పటిదాకా చిన్న గుర్తు చాలు.

3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందమున్న గ్రానైట్ పలక 75 కిలోల దాకా తూగుతుంది. ఆడుకునే పిల్లల మీద పడితే ఏమైతదో చెప్పనక్కర్లేదు. నిలబెట్టే రాయిలో మూడో వంతు భూమిలో ఉండాలి, చుట్టూ కాంక్రీటు పోయించాలి. పడుకోబెడితే ఇంకా మేలు, ఖర్చూ తక్కువే.

కరీంనగర్ కార్ఖానగడ్డలో లాగా దీపావళికి సమాధుల కాడ దీపాలు పెట్టేవాళ్లు ముందురోజే పోయి, పక్కన నిలబడి రాయిని మెల్లగా కదిపి చూడండి. కదిలితే పిల్లల్ని అటు పోనియ్యకండి. అది వేరేవాళ్ల రాయి అయితే మీరు పీకకండి, పంచాయతీలో చెప్పండి.