మీకు తెలుసా? మంచినీళ్ల అడుగునే ఉప్పునీళ్లు

• భూమ్మీద ఉన్న నీళ్లలో దాదాపు 97.5 శాతం ఉప్పునీళ్లే. మిగిలిన కాస్త మంచినీళ్లలో మూడింట రెండొంతులకు పైగా మంచుగా గడ్డకట్టి ఉంది. 30 శాతం దాకా నేల పొరల్లో దాగుంది. మన కంటికి కనిపించే నదులు, చెరువులు అన్నీ కలిపినా ఆ భూగర్భ జలాల ముందు ఏ పాటి?

• నేల లోపల నదులు పారుతుంటాయని చాలామంది అనుకుంటారు. సున్నపురాతి గుహల్లాంటి చోట్ల తప్ప అలా ఉండదు. ఇసుక రేణువుల సందుల్లో, రాతి పగుళ్లలో నీరు నిలుస్తుంది. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల అడుగున గట్టి రాయి. బోరు పగులుకు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పక్క చేలో రెండంగుళాల నీళ్లు పడ్డాయని అప్పు చేసి బోరు వేసిన రైతు నష్టపోయేది ఇందుకే.

• భూగర్భ జలం తేటగా ఉన్నంత మాత్రాన మంచినీరు కాదు. నల్లగొండ బావుల నీళ్లు చూడ్డానికి స్వచ్ఛంగానే ఉండేవి. రాతిలోంచి కరిగి చేరిన ఫ్లోరైడ్ మాత్రం తాగినవాళ్ల పళ్లను గారపట్టించి, ఎముకలను వంచేసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ విధానం’ ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది.

• సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంత ఉప్పును బయటికి పంపాలంటే మన మూత్రపిండాలకు తాగినదానికన్నా ఎక్కువ నీరు కావాలి. తాగేకొద్దీ ఒళ్లు ఎండిపోతుంది.

• వేసవిలో కొల్లేరు సరస్సు మట్టం పడిపోతే, పోటు వేళ సముద్రపు నీరు ఉప్పుటేరు కాలువ గుండా అందులోకి ఎదురెక్కి వస్తుంది.

• అన్నిటికంటే ఆశ్చర్యం తీరంలోని ఇసుక నేలల్లో ఉంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. అందుకే వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్ర మట్టానికి మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరే ఉంటుందని లెక్క. కానీ ఈ లెక్క రెండువైపులా పదునే: పై మట్టం మీటరు తగ్గితే, కాలక్రమాన ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరగగలదు. లోతైన బోరుకు పెద్ద మోటారు బిగించి తోడితే ఇంకా తొందరగా ఎగదన్నుతుంది. ఒకసారి ఉప్పెక్కిన నేల మళ్లీ తేరుకోవడానికి ఏళ్ల తరబడి వానలు కావాలి.

• తీరం రైతులకు ఈ సంగతి ఏనాడో తెలుసు. బాపట్ల ప్రాంతపు ఇసుక నేలల్లో వాళ్లు లోతుకు పోకుండా ‘దొరువులు’ అనే గుంటలు తవ్వుకుని, కుండలతో నీళ్లు ముంచి మొక్కలకు పోసుకునేవారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ పద్ధతినే మెరుగుపరిచారు. తక్కువ లోతులో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిని ఒక బావిలోకి కలుపుతారు. పైనున్న మంచినీరు మెల్లగా బావిలోకి చేరుతుంది, అడుగునున్న ఉప్పునీరు అంతగా కదలదు.