గింజలేని చిన్న పుచ్చకాయలు

పట్టణములలో కుటుంబములు చిన్నవగుటచే, ఒక్కపూటకు సరిపడు పుచ్చకాయ నడుగువారు నానాటికి హెచ్చుచున్నారు. పెద్దకాయ కోసినచో సగము మిగిలి పాడగుచున్నది. అమెరికాలో ఒకటిన్నర మొదలు మూడు కిలోగ్రాములు తూగు గింజలేని చిన్న జాతులు 2003 ప్రాంతమున అంగళ్లకు వచ్చెను. ఇప్పు డచ్చట గింజలున్న కాయయే అరుదు. మన దేశమునందును కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఎఱ్ఱని కండగల ‘శోణిమ’ను, పసుపు కండగల ‘స్వర్ణ’ను సిద్ధపరచినారు.

గింజలేని కాయకు విత్తన మెక్కడిదని రైతులు శంకింపవచ్చును. జపాను దేశీయుడగు కిహరా పండితుడు ఈ పద్ధతిని 1951లో వివరముగా ప్రకటించెను. సాధారణమగు పుచ్చమొక్క కణములో 22 క్రోమోసోములు, అనగా వంశలక్షణములను మోయు పోగులు, ఉండును. మొలకకు కాల్చిసిన్ అను మందు తగిలించినచో నవి 44 అగును. మన కంచెలపై ప్రాకు అడవినాభియందును ఈ మందు కలదు. 44 గల తల్లికి 22 గల తండ్రి పుప్పొడి సోకింపగా పుట్టు విత్తనమున 33 ఉండును. ఇవి జతగూడలేవు కనుక గింజ ముదరదు. తెల్లని మెత్తని పొల్లుమాత్రము మిగులును. కంచరగాడిద బలిష్ఠముగా నున్నను ఈననట్లే ఇదియును.

రైతు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యిదియే. ఈ మొక్కల పుప్పొడి పనికిరాదు. మంచి పుప్పొడి సోకనిదే పిందె నిలువదు. కావున మూడు మొక్కల కొకటి చొప్పున గింజలున్న రకమును గూడ నాటవలెను. దాని కాయ చారలచేతనో రంగుచేతనో వేఱుగా తెలియవలెను. రెండును కలిసిపోయెనా, గింజలేనిదని కొని గింజలు చూచినవాడు మరల మనకడకు రాడు. పూవు ఒక్కపూటయే విచ్చియుండును. ఆ ఉదయమున పురుగుమందు చల్లి తేనెటీగలను చంపుకొన్నచో కాయలు వంకరలుపోవును, లోపల బోలుపడును.

విత్తనపు పెంకు దళసరి, అంకురము దుర్బలము. నేరుగా పొలమున విత్తిన పెక్కు మొలవవు. 28 మొదలు 30 డిగ్రీల వెచ్చదనమున, తడి మించకుండ, ట్రేలలో నారుపోసి నాటవలెను. వెల సాధారణ విత్తనమునకు అనేక రెట్లు. పైగా ఏటేట కొనవలసినదే. పదిమంది సభ్యులు కలిసి ఒక్కచోట నారు పెంచుకొన్నచో నష్టము తగ్గును.

నల్లతొక్కగల చిన్నకాయ లన్నియు గింజలేనివి కావు. షుగర్ బేబీకి గింజ చిన్నదే గాని లేకపోలేదు. విత్తనము కొనునపుడు సంచిపై ట్రిప్లాయిడ్ అని యున్నదా యని చూచి, రసీదు పుచ్చుకొనవలెను.

సాధారణ ధరకే తూకమున అమ్మువానికి చిన్నకాయవలన మిగులున దేమియు లేదు. హెచ్చు ధర నిచ్చు బేరగాని ముందుగా కుదుర్చుకొని, తొలియేట పావు ఎకరమునకు మించకుండ వేసి చూడవలెను.