మీకు తెలుసా? రోమ్ కాసు మన మెడలో నగ అయింది!

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో దక్షిణ స్పెయిన్‌లోని గలేరాలో పెద్దింటివాళ్ల చితాభస్మాన్ని గ్రీకు పాత్రల్లో దాచారు. అవి విందుల్లో ద్రాక్షసారా కలపడానికి ఏథెన్స్‌లో చేసినవి! దూరదేశపు వస్తువుకు కొన్నవాళ్లే కొత్త అర్థం ఇచ్చారు.

మన దగ్గర అలాంటి కొత్త అర్థం రోమన్ బంగారానికి దక్కింది. గుంటూరు సీమలోని వినుకొండలో తిబేరియస్ మొదలు క్రీ.శ. 217లో మరణించిన కారకల్లా వరకు చక్రవర్తుల కాసులు బయటపడ్డాయి. దక్షిణాదిన దొరికిన ఇలాంటి కాసుల్లో కొన్నింటికి, చక్రవర్తి తలకు పైన, పక్కపక్కనే రెండు బెజ్జాలు కనిపిస్తాయి. మెడలో వేసుకున్నప్పుడు ఒకే బెజ్జమైతే బిళ్ల గిర్రున తిరుగుతుంది. రెండుంటే ముఖం నిటారుగా, ఎదుటివాళ్లకు కనిపించేలా నిలుస్తుంది. ఎంత ముచ్చటైన పనితనం! కాసులపేరు ధరించే తణుకు ఆడపడుచులకు ఈ కిటుకు విడమరచి చెప్పనక్కర్లేదు.

తెలంగాణలోని కొండాపూర్‌లోనైతే తిబేరియస్ నాణెం బొమ్మను మట్టిబిళ్లల మీదా అచ్చు వేశారు.