విక్రమార్కుడికి వారసుడెవరు?

దోహా: సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు. బ్యాట్‌మ్యాన్ ఆ మరుసటేడు. స్పైడర్‌మ్యాన్ కాస్త చిన్నోడు, 1962. లెక్కప్రకారం ముగ్గురూ ఎప్పుడో పెన్షన్ తీసుకుని ఇంటిదగ్గర మనవళ్ళని ఆడించుకోవాలి. కానీ ఇవాళ్టికీ బిల్డింగుల మీంచి దూకుతూనే ఉన్నారు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి నడుం పట్టేస్తుంది, షుగర్ వస్తుంది, చత్వారం వస్తుంది. వీళ్ళకి మాత్రం మోకాళ్ళ నొప్పి కూడా రాదు!

మరి ఇన్నేళ్ళ హీరోని పక్కనబెట్టి కొత్తవాడికి ఆ డ్రెస్సు తొడగాలా, వద్దా? పిల్లల గొడవలే అనుకుంటాం గానీ శుక్రవారం ఏషియన్ టౌన్‌లో సినిమా చూసొచ్చిన మనవాళ్ళ మధ్య కూడా ఈ మాట వస్తుంటుంది. "అసలాయన లేకుంటే అదేం సిన్మా అన్నా?" అని ఒకరంటే, "ఎన్నేండ్లని ఒక్కడ్నే చూస్తం?" అని ఇంకొకరు. రెండూ న్యాయమే.

చచ్చినవాడు లేచొచ్చాడు

కెప్టెన్ అమెరికా సంగతే తీసుకోండి. 1941లో మొదలైన బొమ్మల కథ. అసలు కెప్టెన్ పేరు స్టీవ్ రోజర్స్. 2007లో కథలో ఆయన్ని చంపేశారు. స్నేహితుడు బకీ ఆ డాలు అందుకున్నాడు. బకీ చేతిలో డాలు కుదురుకునేలోపే, 2009లో, స్టీవ్ మళ్ళీ లేచొచ్చాడు. 2014లో డాలు ఇంకోసారి చేతులు మారింది, ఈసారి సామ్ విల్సన్ అనే నల్లజాతి హీరోకి. ఆ కథే సినిమాల్లోకి ఎక్కి, 2025 ఫిబ్రవరిలో ఆంథోనీ మ్యాకీ కెప్టెన్‌గా పూర్తి సినిమానే వచ్చింది.

సూపర్‌మ్యాన్‌నీ 1992లో చంపారు. అమెరికాలో జనం క్యూలు కట్టి ఆ సంచిక కొన్నారు. తర్వాత 'నేనే సూపర్‌మ్యాన్' అంటూ ఒకరు కాదు నలుగురు బయల్దేరారు. 1993 తిరక్కుండానే అసలాయన హాజరు!

ఫ్లాష్ అని మెరుపులా పరుగెత్తే హీరో ఒకడున్నాడు. పేరు బ్యారీ అలెన్. 1985లో లోకాన్ని కాపాడుతూ చనిపోయాడు. ఆయన భార్య మేనల్లుడు వాలీ వెస్ట్ ఆ డ్రెస్సు వేసుకున్నాడు. ఏదో నాలుగు నెలలకి కాదు, ఇరవై ఏళ్ళకు పైనే. ఫ్లాష్ అంటే వాలీయే అనుకుని ఒక తరం పిల్లలు పెరిగి పెద్దయ్యారు. తీరా 2008లో బ్యారీని బతికించి పట్టుకొచ్చారు. అంతకాలం డ్యూటీ చేసినవాడు ఒక్కసారిగా 'రెండోవాడు' అయిపోయాడు. క్యాంపులో ఇలాంటి కథ ఎవరికి తెలియదు చెప్పండి!

ఎందుకిలా అంటే, ఆ హీరో రాసినవాడి సొత్తు కాదు. కంపెనీ సొత్తు. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆ హీరో మీద హక్కుల్ని 130 డాలర్లకి రాసిచ్చేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. (అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు చదవమని మనకి ఊరికే చెప్పరు.) కంపెనీకి కావాల్సింది పేరు. కొత్తవాడితో అమ్మకాలు తగ్గితే పాతవాడిని సమాధిలోంచి లేపుతుంది.

కొత్తవాడు నిలబడ్డ సందర్భాలూ లేకపోలేదు. 2011లో వచ్చిన మైల్స్ మొరాలెస్ అలాంటివాడే. నల్లజాతి తండ్రి, పోర్టోరికో మూలాలున్న తల్లి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కుర్రాడు. ఆ కథల వరసలో పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్ చనిపోయాకే మైల్స్ వచ్చాడు. పీటర్‌లా మాట్లాడలేదు, పీటర్‌లా నటించలేదు. అతని ఇల్లు వేరు, అతని భయాలు వేరు. 2018లో అతని మీద తీసిన యానిమేషన్ సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. అంటే, కొత్తవాడు వచ్చినందుకు జనం అలగరు. పాతవాడి నకలుని చూపించి 'వీడే వాడు' అంటేనే అలుగుతారు.

ఇరవై ఒక్కో తరం

ఈ చిక్కుని మొదట్నుంచీ ఎరిగిన కథ ఒకటుంది. ఫాంటమ్. లీ ఫాక్ అనే అమెరికా రచయిత 1936లో మొదలుపెట్టాడు. మన దేశంలో 1964 నుంచి 1990 దాకా ఇంద్రజాల్ కామిక్స్ ఈయన కథల్ని ఇంటింటికీ చేర్చింది. ఇప్పుడు నలభై దాటినవాళ్ళలో చాలామందికి ఆ పుర్రె ఉంగరం గుర్తుండే ఉంటుంది.

అడవిలో జనం ఫాంటమ్‌కి చావు లేదనుకుంటారు. నాలుగు వందల ఏళ్ళుగా అదే ముసుగు, అదే ఉంగరం, అదే పుర్రె గుహ. అసలు రహస్యం ఏంటంటే, అక్కడున్నది ఒక మనిషి కాదు, ఒక వంశం. 1536లో సముద్రపు దొంగలు తండ్రిని చంపితే, ప్రాణాలతో ఒడ్డుకి చేరిన కొడుకు పుర్రె మీద ప్రమాణం చేశాడు. అప్పట్నుంచి తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు. మనం చదివే ఫాంటమ్ ఇరవై ఒక్కోవాడు. ఇక్కడ చచ్చినవాడు చచ్చినట్టే, లేచి రాడు.

అన్నిటికన్నా బాగుండే సంగతి ఇంకోటి. ప్రతి ఫాంటమ్ తను చూసింది, చేసింది, పోగొట్టుకుంది పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసి గుహలో పెడతాడు. కొత్తగా వచ్చినవాడు వాటిని చదువుకుంటాడు. పైగా ఇరవై ఒక్కోవాడిని చిన్నప్పుడే చదువుకోడానికి అమెరికా పంపించారు. తండ్రి కబురొచ్చాకే వెనక్కొచ్చి ముసుగు కట్టుకున్నాడు. అంటే వారసుడు కావడానికి ముందు అతనికి బయటి లోకం తెలుసు, ఇంటి లెక్కలూ తెలుసు.

ఇక్కడ మనం ఉంటున్న దేశంలోనే 2013 జూన్ 25న అమీర్ షేక్ హమద్ తన కుమారుడు షేక్ తమీమ్‌కి పాలన అప్పగించి పక్కకు తప్పుకున్నారు. తండ్రి బతికుండగానే, ఆయన చూస్తుండగానే. గల్ఫ్‌లో అప్పట్లో అందరూ ఆశ్చర్యంగా చెప్పుకున్న విషయం. రాజుల సంగతి మనకెందుకు గానీ, అప్పజెప్పడానికీ ఒక పద్ధతి ఉంటుందని చెప్పడానికి ఆ మాట.

సనాయాలో ఫాంటమ్‌లు

ఎందుకంటే వారసత్వం మన గదుల్లోనూ ఉంది. సనాయాలో ఏ రూముకెళ్ళినా పద్దెనిమిదేళ్ళో ఇరవై ఏళ్ళో చేసిన పెద్దాయన ఒకరుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, లేదంటే కోనసీమ, కడప. "ఇంకో రెండేండ్లు జేసి క్యాన్సిల్ కొట్టుకొని పోత. పిల్లగానికి వీసా దీస్త" అనే మాట ఎన్నిసార్లు వినలేదు! ఊళ్ళో కొడుక్కి తండ్రంటే ఏంటి? ఏడాదికో రెండేళ్ళకో పెట్టెల్తో దిగేవాడు. ఇల్లు కట్టినవాడు, అక్క పెళ్ళి చేసినవాడు. ఆ పిల్లాడికి ఆయన ఫాంటమే.

కానీ మన ఫాంటమ్‌లు పుస్తకం రాయరు. ఫోన్లో "అంతా మంచిగనే ఉన్నది" తప్ప రెండో మాట ఉండదు. ఏజెంటుకి ఎంత కట్టాం, ఆ అప్పు తీరడానికి ఎన్ని నెలలు పట్టింది, మొదటి వేసవి ఎలా గడిచింది... ఇవేవీ చెప్పం. పిల్లాడు భయపడతాడని కొంత, మన పరువు పోతుందని కొంత. కొడుకు కూడా అదే ఏజెంటు దగ్గరికి అదే గుమ్మంలోంచి నడిచి వెళ్తాడు.

రూల్స్ కూడా మారాయి. తండ్రి వచ్చిన రోజుల్లో కఫీల్ ఒప్పుకోందే కంపెనీ మారడం లేదు. 2020లో వచ్చిన చట్టంతో నోటీసు ఇచ్చి మారొచ్చు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్ళు, కంపెనీ తిండీ గదీ ఇవ్వకపోతే పైన 800. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని బంద్. తండ్రి నాటి భయాలతోనే కొడుకు దిగితే, తనకున్న హక్కేంటో తనకే తెలియదు. మైల్స్ మొరాలెస్ పీటర్ పార్కర్ పాత డ్రెస్సులోకి దూరినట్టు ఉంటుంది. అసలు ఆ ముసుగు కావాలా అని పిల్లాడిని అడిగినవాళ్ళు ఎందరు?

మన హీరో

అమెరికా వాళ్ళ సంగతి సరే, మనకీ ఒక హీరో ఉన్నాడు. దూరదర్శన్ శక్తిమాన్ కాదు. ఆయన గొడవ వేరే. 1997 నుంచి 2005 దాకా సీరియల్ వచ్చింది, హిందీ రాకపోయినా మన పిల్లలు కళ్ళప్పగించి చూశారు. 2022లో సినిమా ప్రకటించారు. రణ్‌వీర్ సింగ్ పేరు వినపడేసరికి పాత శక్తిమాన్ ముఖేష్ ఖన్నా ససేమిరా అన్నారు. అరవై దాటాక 2024లో ఆ డ్రెస్సు మళ్ళీ తొడుక్కుని కనిపించారు కూడా. కుర్చీ దిగడం సీరియల్ హీరోకీ కష్టమే.

మనం చెప్పుకునే హీరో అంతకన్నా పాతవాడు. అర్ధరాత్రి, స్మశానం, చేతిలో కత్తి, భుజాన శవం, ఆ శవంలో బేతాళుడు. చందమామ చదివిన ఏ తెలుగువాడికైనా ఆ బొమ్మ కళ్ళముందు ఆడుతుంది. విక్రమార్కుడు!

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారు. 1950లలో మొదలైన బేతాళ కథలు నెలకొకటి చొప్పున వందలకొద్దీ వచ్చాయి. నిజానికి పాత సంస్కృత కథలు పాతికే. వాటిలో ఒక చోట తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని పెళ్ళాడతారు. వాళ్ళ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని బేతాళుడు అడుగుతాడు. ఆ వరస తేల్చలేక రాజు నోరు మూసుకుంటాడు. దాంతో మౌనభంగం లేదు, బేతాళుడు చెట్టెక్కడం లేదు, కథ ముగుస్తుంది.

చందమామలో ఆ చివరి మౌనం రాలేదు. పాతిక అయిపోయినా కొత్త కథలు పుట్టించారు. బయటి రచయితలు పంపినవీ బేతాళ కథలయ్యాయి. రాజు ముసలాడు కాలేదు, కొడుకు రాలేదు, ఇంకో రాజుని తెచ్చి శవం మోయించలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎందుకంటే అక్కడ హీరో కండలు కాదు, నెలకో కొత్త చిక్కు ప్రశ్న. మనిషి పాతవాడే, ప్రశ్న కొత్తది. అమెరికా కంపెనీలు మనిషిని మార్చి ప్రశ్నని పాతదే ఉంచుతాయి. మా లెక్కలో చందమామ పద్ధతే మేలు.

మరి ఎక్కడ దెబ్బతిన్నాం? రాజుని మోసిన మనుషుల దగ్గర. 1952 నుంచి పత్రికని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో పోయారు. చక్రపాణి అంతకుముందే 1975లో. బొమ్మలు వేసిన చిత్రా 1978లో, ముఖచిత్రాల వడ్డాది పాపయ్య 1992లో. పేరు కూడా వేసుకోకుండా ఏళ్ళ తరబడి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం 2010లో. ఇక మన కళ్ళలో ముద్ర పడిపోయిన విక్రమార్కుడి బొమ్మ గీసింది తమిళనాడుకి చెందిన శంకర్. అసలు పేరు శివశంకరన్. దాదాపు అరవై ఏళ్ళు చందమామకి గీస్తూనే ఉన్నారు. ఒకే ఉద్యోగం, ఒకే బల్ల. 2020 సెప్టెంబర్‌లో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు, ఆయన లేకుండా.

అంత పత్రికకీ తర్వాతి తరం తయారుకాలేదు. 1998లో ఒకసారి ఆగింది, ఏడాది దాటాక మళ్ళీ లేచింది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ కంపెనీ చేతికెళ్ళింది. 2013 ప్రాంతంలో మూతపడింది. విక్రమార్కుడు అలసిపోయి శవాన్ని దించలేదు. భుజాన శవంతో దారి మధ్యలోనే నిలబడిపోయాడు.

కాబట్టి హీరోకి వారసుడెవరు అన్నది సగం ప్రశ్నే. కథ చెప్పేవాడికి వారసుడెవరన్నది మిగతా సగం. లీ ఫాక్ 1999లో చనిపోయినా ఫాంటమ్ ఆగలేదంటే, కలం అందుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి. మన ఇళ్ళల్లో ఆ కలం తాతలూ నాయనమ్మల నోట్లో ఉండేది. ఇప్పుడు పిల్లలకి యూట్యూబ్ చెబుతోంది. అది చెప్పిన స్పైడర్‌మ్యాన్ కథలో తప్పు లేదు. కానీ కథ మధ్యలో ఆపి "ఇప్పుడు నువ్వైతే ఏం జేస్తవురా?" అని అడగదు. బేతాళుడు అడిగేవాడు, నాయన అడిగేవాడు.

పాత చందమామలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతాయి. ఫోన్లో ఒక సంచిక తెరిచి బేతాళ కథ ఒకటి ముందు మీరు చదువుకోండి, పది నిమిషాలు పట్టదు. వీడియో కాల్‌లో పిల్లలకి చెప్పండి, చివర ప్రశ్న దగ్గర ఆపండి. జవాబు వచ్చే వారం. డ్యూటీ దిగి, తిని, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేద్దామంటే ఊళ్ళో పదిన్నర, పిల్లలు పడుకుంటారు. శుక్రవారం పొద్దున తొమ్మిదికైతే అక్కడ పదకొండున్నర, బడిలో ఉంటారు. సాయంత్రం నాలుగింటికి చేయండి. అక్కడ ఆరున్నర. బడి నుంచి వచ్చి, అన్నానికి ముందు, ఏం తోచక తిరుగుతుంటారు.