పాల కేంద్రంలో అంకెల పలక ఎవరి వైపు తిరగాలి?

వేకువనే పాలు పితికి, క్యాను చేతపట్టుకుని పాల కేంద్రానికి వెళ్లే రైతుకు కావలసిన అంకెలు నాలుగే. పోసిన పాలెన్ని, వెన్న ఎంత, వెన్న లేని ఘన పదార్థాలెంత, వచ్చిన రూపాయలెన్ని? దాణా ఖర్చు, పచారీ కొట్టు బాకీ, పిల్లల ఫీజు అన్నీ ఈ నాలుగు అంకెల మీదే ఆధారపడి ఉంటాయి. అవి చూపే తెర టెస్టరు వైపే తిరిగి ఉంటే మాత్రం పాలు పోసినవారికి దక్కేది ఒక చీటీ ముక్కే.

డెయిరీల్లో కంప్యూటర్లు వచ్చిన తరువాత ‘డ్యాష్‌బోర్డు’ అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. పూర్వం గుర్రపు బగ్గీల్లో డెక్కలు చిమ్మే బురద బండివాని మీద పడకుండా ముందు ఒక పలక బిగించేవారు. దాని పేరే డ్యాష్‌బోర్డు. మోటారు కార్లు వచ్చాక వేగం, చమురు చూపే ముళ్లు ఆ పలక మీదికి చేరాయి. ఆర్టీసీ బస్సు డ్రైవరు రోడ్డు మీది నుంచి చూపు మరల్చీ మరల్చకుండా బండి సంగతి ఆ ముళ్లలో తెలుసుకుంటాడు. పాల నాణ్యతకు కూడా అలాంటి పలక ఉండాలన్నదే ఇప్పటి ఏర్పాటు.

రిజిస్టరు నుంచి తెర దాకా

వెన్న కొలిచే పద్ధతి కొత్తదేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ కనిపెట్టిన పరీక్ష మన కేంద్రాల్లో దశాబ్దాల తరబడి నడిచింది. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి గిర్రున తిప్పితే వెన్న పైకి తేలుతుంది. గొట్టం మీది గీతల్లో శాతం చదివి రిజిస్టరులో రాసేవారు. రైతు పాలు పోసి ఇంటికి వెళ్లాక జరిగే పని కావడంతో ఫలితం తరువాతెప్పుడో తెలిసేది.

1990వ దశకంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా సహకార సంఘాల్లో తూకం యంత్రాన్ని, వెన్న యంత్రాన్ని కంప్యూటరుకు కలిపారు. పాలు పోసిన వెంటనే తూకం, వెన్న, సొమ్ము తేలి చీటీ చేతికి వచ్చింది. ఆ తరహా యంత్రాలే తరువాత మన పల్లెలకూ వచ్చాయి. అంకెలు త్వరగా వస్తున్నాయి సరే, అవి ఎవరికి, ఎలా కనిపిస్తున్నాయన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.

అర శాతం విలువ

కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున కడుతున్నారనుకుందాం. ఒక పూటకు 5 కిలోల పాలు పోసే ఇంట్లో వెన్న 6.5 ఉండవలసింది 6.0గా నమోదైతే తగ్గిన వెన్న 25 గ్రాములు. అంటే పూటకు 20 రూపాయలు, రోజుకు 40, నెలకు 1,200. చీటీ మీద చూస్తే కొంచెమే అనిపించే తేడా నెల తిరిగేసరికి ఇంత అవుతుంది.

అయితే వెన్న తగ్గిన ప్రతిసారీ మోసమని కేంద్రం మీదికి వెళ్లడం కూడా సబబు కాదు. మొదట వచ్చే పాలు పలుచన, చివరి ధారలు చిక్కన. చివరి పాలు దూడకు వదిలితే కేంద్రంలో వెన్న తగ్గుతుంది. గేదె ఈనిన కొత్తలో, పాలు బాగా దిగే రోజుల్లో వెన్న శాతం తక్కువగా ఉండి, వట్టిపోయే ముందు పెరుగుతుంది. రెండు పితుకుల మధ్య వ్యవధిని బట్టి ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది. కనుక మంచి పలక ఉదయం అంకెను ఉదయాలతోనే, సాయంత్రం అంకెను సాయంత్రాలతోనే పోల్చి చూపాలి.

యంత్రం తప్పా, గేదె తప్పా?

ఈ చిక్కును విడదీసే ఉపాయం వేరే రంగంలో పుట్టింది. 1924లో అమెరికాలో టెలిఫోను పరికరాలు తయారు చేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ నాణ్యతను గమనించడానికి ఒక పటం రూపొందించారు. రోజువారీ హెచ్చుతగ్గులు సహజంగా ఎంత మేర ఉంటాయో లెక్కకట్టి పైన ఒక గీత, కింద ఒక గీత గీస్తారు. ఆ రెండు గీతల మధ్య తిరిగే అంకెను చూసి కంగారు పడనక్కరలేదు. గీత దాటినప్పుడే కారణం వెతకాలి.

పాల కేంద్రానికి కూడా ఇదే వర్తిస్తుంది. వెన్న కొంచెం అటూ ఇటూ అయినప్పుడల్లా తెర మీద ఎర్ర రంగు చూపిస్తే నాలుగు రోజులకు ఆ ఎరుపును ఎవరూ పట్టించుకోరు. ఒక్క ఇంటి పాలలోనే వెన్న గీత దాటి పడిపోతే పశువును, మేతను, పితికే తీరును చూసుకోవాలి. ఒకే పూట ఊరందరికీ పడిపోతే ముందుగా అనుమానించవలసింది యంత్రాన్నే. అప్పుడు అవే పాలను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి యంత్రం అంకెతో సరిపోల్చాలి.

సగటు చెప్పని సంగతి

డెయిరీ కార్యాలయంలోని పలక మీద ఊరికి ఒకే సగటు అంకె కనిపిస్తే మరో ఇబ్బంది వస్తుంది. సమానంగా పాలు పోసే పదిమంది ఉన్నారనుకుందాం. అందరికీ వెన్న 7.0. ఒకరికి మాత్రం 5.0కి పడిపోయింది. ఊరి సగటు 6.8 అవుతుంది. పైనున్న అధికారికి అంతా బాగున్నట్టే తోస్తుంది. నష్టపోతున్న ఇంటి సంగతి ఆ అంకెలో కనిపించదు. పదిమందినీ ఒకే గాటన కట్టే పలక వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు.

చల్లదనం లెక్క కూడా ఇలాంటిదే. బల్క్ కూలరులో పాలు 4 డిగ్రీల వద్ద ఉండాలి. రాత్రి కరెంటు పోయి జనరేటరు నడవక పాలు వేడెక్కి, తెల్లవారేసరికి మళ్లీ చల్లబడితే ఉదయం చూసినవారికి 4 డిగ్రీలే కనిపిస్తుంది. ఈలోగా సూక్ష్మజీవులు పెరిగిపోయి ఉంటాయి. మిథిలీన్ బ్లూ పరీక్షలో నీలి రంగు త్వరగా విరిగిపోయినప్పుడు కానీ గుట్టు బయటపడదు. అందుకని రాత్రంతా వేడి ఎలా మారిందో గీత గీసి చూపాలి. పాలు పాడైతే తప్పు పోసినవారిదా, నిల్వ ఉంచినవారిదా అన్నది ఆ గీతే తేలుస్తుంది.

చూసేవారికి తెలిసేలా

మంచి పలకకు హంగులు అక్కరలేదు. తెర పాలు పోసేవారి వైపు తిరిగి ఉండాలి. అంకెలు వరుసలో నిలబడినవారికి కనిపించేంత పెద్దవిగా, మాటలు తెలుగులో ఉండాలి. ఎరుపు, పచ్చ రంగుల తేడా కొందరి కళ్లకు తెలియదు కాబట్టి రంగుతో పాటు ‘తగ్గింది’, ‘పెరిగింది’ అనే మాట కూడా కనిపించాలి. చదువురాని పెద్దవారికి యంత్రం అంకెను పైకి చెప్పగలిగితే మరీ మేలు. అన్నిటికీ మించి, అంకె తప్పనిపిస్తే అక్కడికక్కడే మళ్లీ పరీక్ష చేయించుకునే వీలుండాలి. అడగడానికి వీలులేని అంకె ఎంత స్పష్టంగా కనిపించినా ప్రయోజనం లేదు.

పాడి రైతులు కూడా తమ వంతు జాగ్రత్త తీసుకోవాలి. చీటీలు పారేయకుండా పది రోజులవి దగ్గర పెట్టుకుని బిల్లుతో సరిచూసుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి. అది పడిందో లేదో కేంద్రంలో అడగవచ్చు. వెన్న యంత్రాన్ని గెర్బర్ పరీక్షతో చివరిసారి ఎప్పుడు సరిచూశారో సంఘం సమావేశంలో అడిగి, ఆ తేదీని గోడ మీద రాయించాలి. ఊరికొక మంచి పలక సమకూరడానికి ముందే ఈ మూడు పనులూ రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.