మంత్రి బంటు ఆట మందకొడి ఆటేనా?

చదరంగం నేర్చుకునే పిల్లలకు ‘ముందు ఇ4 ఆడు, డి4 సంగతి తర్వాత’ అని చెప్పేవాళ్లు చాలామంది. మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపే ఈ ఆరంభాన్ని అలా దూరం పెట్టడం వల్లే దాని చుట్టూ కొన్ని తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయి.

అపోహ: క్వీన్స్ గాంబిట్ అంటే బంటును బలి ఇవ్వడం.

బలి పేరులోనే ఉంది. డి4 డి5, సి4 తర్వాత నలుపు ఆ సి4 బంటును కొట్టొచ్చు, నిలుపుకోవడమే కష్టం. తెలుపు ఇ3 ఆడగానే బిషప్‌కి దారి తెరుచుకుని ఆ బంటు దాడిలో పడుతుంది. కాపాడుకుందామని నలుపు బి5 ఆడితే తెలుపు ఎ4 ఆడుతుంది. సి6తో దన్ను ఇస్తే బి5 మీద బంట్లు మారిపోతాయి. అప్పుడు తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తుంది. అక్కణ్నుంచి ఎ8 మూలలో ఉన్న ఏనుగు దాకా ఏటవాలు దారంతా ఖాళీ! ఏనుగును దక్కించుకోవాలంటే గుర్రాన్నో బిషప్‌నో వదులుకోవాల్సిందే. అందుకే తెలిసినవాళ్లు బంటును కొడతారు, దాన్ని పట్టుకుని వేలాడరు. తెలుపు దాన్ని తిరిగి తీసుకునేలోపు సి5తోనో ఇ5తోనో మధ్యగళ్ల మీద దెబ్బ తీస్తారు.

అపోహ: పిన్‌లో ఉన్న గుర్రం కదలలేదు.

పిన్ అంటే తన వెనకున్న పెద్ద పావు మీద దాడి పడుతుందని పావు ఇరుక్కుపోవడం. వెనక రాజు ఉంటేనే కదలలేదన్న మాట నిజం. వెనక మంత్రి ఉంటే గుర్రం కదలొచ్చు. డి4 డి5, సి4 ఇ6, గుర్రం సి3కి, నల్ల గుర్రం ఎఫ్6కి, తెల్ల బిషప్ జి5కి, రెండో నల్ల గుర్రం డి7కి. డి5 మీద బంట్లు మారాక అక్కడి బంటు ఊరికే దొరికేలా కనిపిస్తుంది. ఆశపడి తెల్ల గుర్రం దాన్ని కొడితే, ఎఫ్6 గుర్రం మంత్రిని వదిలేసి మరీ ఆ గుర్రాన్ని కొడుతుంది. తెలుపు మంత్రిని తీసుకోగానే నల్ల బిషప్ బి4 నుంచి చెక్ చెబుతుంది. తెలుపు తన మంత్రిని అడ్డుపెట్టడం తప్ప గత్యంతరం లేదు. లెక్క తేలేసరికి తెలుపుకి ఒక బంటు దక్కింది, ఒక గుర్రం పోయింది. దీన్నే ఎలిఫెంట్ ట్రాప్ అంటారు. ఈ ఆరంభం నేర్చుకునే ప్రతివాళ్లూ బోర్డు మీద పావులు పెట్టి చూడాల్సిన వల ఇది.

అపోహ: డి4 అంటే డ్రా కోసం ఆడే ఆట.

ఈ పేరు రావడానికి కారణం లేకపోలేదు. 1927లో బ్యూనస్ ఎయిరీస్‌లో కపాబ్లాంకా, అలెఖిన్ ఆడిన ప్రపంచ టైటిల్ పోరులో 34 ఆటలకు 25 డ్రాలు. రెండు తప్ప అన్నీ క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ ఆటలే, అంటే నలుపు సి4 బంటును కొట్టకుండా వదిలేసినవే. కానీ 1907లో లోడ్జ్‌లో రొట్లేవి డి4తో మొదలుపెట్టిన ఆటను చూడండి. నల్లపావులతో రూబిన్‌స్టీన్ మంత్రినే వదిలేసి 25 ఎత్తుల్లో ముగించాడు. 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ పోరు మూడో ఆటలో గుకేశ్ డింగ్ లిరెన్‌ని ఓడించి స్కోరు సమం చేసిందీ ఈ ఆరంభంతోనే. ఇ4 బంటుకు కాపలా లేదు కాబట్టి అక్కడ తగువు వెంటనే మొదలవుతుంది. డి4 బంటుకు మొదటి నుంచీ మంత్రి కాపలా ఉంది. ఇక్కడ తగువు ఆలస్యమవుతుందే తప్ప ఆగిపోదు.

అపోహ: లండన్ సిస్టమ్ ఆడితే అవతలివాళ్ల ఎత్తులు చూడనక్కర్లేదు.

చూడాలి. ఈ పద్ధతిలో తెలుపు తన బిషప్‌ను ముందే ఎఫ్4కి తెస్తుంది. అది సి1 వదలగానే బి2 బంటు బలహీనపడుతుంది. సి5, ఆపై మంత్రి బి6 అంటూ నలుపు సరిగ్గా అక్కడే గురిపెడుతుంది.

అపోహ: విశ్లేషణ అంటే ఇంజిన్ చూపే అంకె.

ప్లస్ 0.3 అంటే గెలుపు కాదు, ఒక బంటు విలువలో మూడో వంతు కూడా లేని మొగ్గు. ఆ మొగ్గు ఎక్కణ్నుంచి వచ్చిందో అంకె చెప్పదు. బంట్ల అమరిక చెబుతుంది. కాబట్టి ఆట అయ్యాక ఇంజిన్ తెరిచేముందు, సి4 మీద బంటును ఎందుకు కొట్టారో, ఎందుకు కొట్టలేదో మీ మాటల్లో స్కోర్‌షీట్ పక్కన రాసుకోండి.