మన అరకు కాఫీయే, అయినా...

బెంగుళూరులో మూడు తరాలుగా ఉంటున్న మా ఇంట్లో కాఫీ అంటే ముదురుగా వేయించిన పీబెర్రీ పొడి, నూటికి ఇరవై పాళ్ళు చికోరీ, చిక్కటి పాలు. ఆ మధ్య విశాఖలో మెట్టిన మా ఆడపడుచు అరకు కాఫీ పంపింది. మన్యం గిరిజన రైతులు పండించే అరబికా, 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది. మన తెలుగు కొండల పంట కదా అని ఎంత సంబరపడ్డామో!

తీరా తాగితే పులుపు తగిలింది. గింజ మంచిదే. లేతగా వేయిస్తే అరబికాకు సహజమైన పులుపు నిలుస్తుంది. ముదిరేకొద్దీ అది తగ్గి చేదు పైకొస్తుంది. చికోరీ లేక డికాషన్ పల్చన. ఎప్పటిలా పాలు పోస్తే రెంటికీ చెడ్డ రేవడి అయింది. పాలు లేకుండా తాగమన్నాడు మా అబ్బాయి. వారం రోజులు తాగాను. వాడికి నారింజ వాసనట, నాకు కషాయం! (పాలతోనే తాగేవారు ముదురు వేపుడు రకం అడిగి తెప్పించుకోండి.)

"మనవాళ్ళ కాఫీ నచ్చలేదంటావేమిటి?" అని మావారు నొచ్చుకున్నారు. అభిమానం వేరు, నాలుక వేరు కదండీ! ఆడపడుచుకు ఫోనులో ఉన్నమాటే చెప్పాను.

"మాక్కూడా పొద్దున్నే చికోరీ కాఫీయే వదినా! అది మా కోడలు తాగుతుంది" అని నవ్వింది.

మిగిలిన పొట్లం అబ్బాయికిచ్చేశాను.